రీఫ్ ట్యాంకులో ఆల్కలినిటీ, కాల్షియం: రోజువారీ వాడకాన్ని కొలిచి నిలబెట్టే పద్ధతి

రీఫ్ ట్యాంకు, అంటే ఇంట్లో ఉప్పునీటిలో పగడాలు పెంచే అక్వేరియం, పెట్టుకున్న వారు తరచుగా అడిగే ప్రశ్న ఆల్కలినిటీ ఎంత ఉండాలన్నది. దానికి జవాబు చెప్పడం కష్టం కాదు. లవణీయత 35 పీపీటీ (వెయ్యి భాగాల్లో 35) ఉన్న సముద్రపు నీటిలో ఆల్కలినిటీ దాదాపు 7 డీకేహెచ్ (ఆల్కలినిటీని కొలిచే ప్రమాణం), కాల్షియం 410 నుంచి 420 పీపీఎం (పది లక్షల్లో భాగాలు), మెగ్నీషియం 1280 నుంచి 1300 పీపీఎం వరకు ఉంటాయి. ట్యాంకులో ఆల్కలినిటీని 7 నుంచి 11 డీకేహెచ్ మధ్య, కాల్షియంను 380 నుంచి 450 పీపీఎం మధ్య ఎక్కడ ఉంచినా పగడాలు పెరుగుతాయి. ఎంచుకున్న అంకె దగ్గర నీటిని నెలల తరబడి కదలకుండా ఉంచడమే కష్టం. అందుకు మీ ట్యాంకు రోజుకు ఎంత వాడుకుంటోందో తెలియాలి. ఆ ఒక్క కొలత చేతిలో ఉంటే ఏ మందు పోయాలి, ఎంత పోయాలి, ఎప్పుడు ఆపాలి అన్నవి లెక్కల ద్వారా తేలిపోతాయి. హైదరాబాదు వంటి ఊళ్లో, ఎండాకాలపు పొడిగాలికీ వానాకాలపు తేమకూ అంత తేడా ఉన్న చోట, ఆ లెక్కను ఏడాదిలో కొన్నిసార్లు తిరిగి వేసుకోవలసి ఉంటుంది.

ఆల్కలినిటీ అంటే పీహెచ్ కాదు. ఆమ్లాన్ని తట్టుకోవడానికి నీటిలో ఉన్న శక్తి అది. సముద్రపు నీటిలో ఆ శక్తి ఎక్కువ భాగం బైకార్బనేటు, కార్బనేటు రూపంలో ఉంటుంది. పగడం తన అస్థిపంజరాన్ని కట్టుకునేటప్పుడు నీటిలోని కాల్షియంను, బైకార్బనేటును కలిపి కాల్షియం కార్బనేటుగా మారుస్తుంది. ఈ రెండూ ఎప్పుడూ ఒకే నిష్పత్తిలో ఖర్చవుతాయి: 2.8 డీకేహెచ్ ఆల్కలినిటీ తగ్గినప్పుడు కాల్షియం 20 పీపీఎం తగ్గుతుంది. అంటే ఒక డీకేహెచ్‌కు సుమారు 7 పీపీఎం. గట్టి పగడాలే కాదు, రాళ్ల మీదా అద్దం మీదా గులాబీ, ఊదా రంగుల్లో పాకే కోరలైన్ నాచు కూడా ఇదే నిష్పత్తిలో వాడుకుంటుంది. కనుక మెత్తని పగడాలు మాత్రమే ఉన్న ట్యాంకులో కూడా కోరలైన్ బాగా పట్టిన తరువాత ఆల్కలినిటీ తగ్గడం మొదలవుతుంది.

ఈ నిష్పత్తిని బట్టే ఏది ఎంత తరచుగా పరీక్షించాలో తెలుస్తుంది. రోజుకు అర డీకేహెచ్ వాడే ట్యాంకులో ఆల్కలినిటీ రెండు రోజుల్లోనే 8 నుంచి 7కు దిగుతుంది; అదే రెండు రోజుల్లో కాల్షియం 420 నుంచి 413కు మాత్రమే దిగుతుంది. ఇళ్లలో వాడే కాల్షియం టెస్ట్ కిట్లు అంత చిన్న తేడాను నమ్మకంగా చూపలేవు. అందుచేత ఆల్కలినిటీని వారానికి రెండు మూడు సార్లు, కాల్షియంను వారానికో రెండు వారాలకో ఒకసారి, మెగ్నీషియంను నెలకొకసారి చూస్తే చాలు. కాల్షియం ప్రతిరోజూ చూసి కంగారుపడే వారు తమ కిట్ పొరపాటును చూసి కంగారుపడుతున్నట్టే.

పగడాలు కొనే ముందు తెలుసుకోవలసిన విషయం ఒకటి ఉంది. రీఫ్ కట్టే పగడాలను 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో 2001లో చేర్చారు. మన తీరాల నుంచి తీసిన గట్టి పగడాన్ని కొనడం, అమ్మడం, ఇంట్లో ఉంచుకోవడం నేరం. కాగితాలు చూపలేని అమ్మకందారు దగ్గర కొనకండి; ఎంత చక్కని నీరు తయారు చేసినా అది సముద్రాన్ని దోచి పెంచిన తోట కాకూడదు.

ముందు నీటి సంగతి

హైదరాబాదు ఇళ్లకు వచ్చే నీరు ఒక్క రకం కాదు. కృష్ణా, గోదావరి, మంజీరా నీళ్లు ఒక్కో ప్రాంతానికి ఒక్కో కలయికలో వస్తాయి. చాలా అపార్ట్‌మెంట్లలో ఆ నీటిని బోరు నీటితో కలిపి ఒకే భూగర్భ సంపులో నింపుతారు; ఎండలు ముదిరి బోరు ఎండితే ట్యాంకరు నీళ్లు వచ్చి అందులోనే పడతాయి. మన బోరు నీళ్లలో బైకార్బనేటు, కాల్షియం రెండూ సమృద్ధిగా ఉండడం మామూలే. ఉప్పు కలపడానికో, ఆవిరైన నీటిని భర్తీ చేయడానికో ఆ నీటిని వాడితే, ట్యాంకులోకి రోజూ కొంత ఆల్కలినిటీ మీకు తెలియకుండానే చేరుతూ ఉంటుంది. ఉదాహరణకు 300 లీటర్ల ట్యాంకులో రోజుకు 3 లీటర్లు ఆవిరవుతున్నాయని, పోసే నీటి ఆల్కలినిటీ 17 డీకేహెచ్ అని అనుకుంటే, రోజుకు 0.17 డీకేహెచ్ లోపలికి వస్తుంది. అది మేలే కదా అనిపించవచ్చు. కానీ దానితో పాటు సిలికేటు, నైట్రేటు, ఇంకా ఏవేవో లోహాలు వస్తాయి. పైగా ట్యాంకరు మారిన రోజున మీ లెక్క కూడా తప్పుతుంది.

కనుక ఆర్వో తరువాత డీఐ రెసిన్ (మిగిలిన లవణాలను పట్టేసే గింజలు) గొట్టం గుండా వెళ్లిన నీటినే వాడాలి. నీటిలో కరిగిన లవణాలను కొలిచే టీడీఎస్ మీటరు సున్నా చూపాలి. వంటింటి ఆర్వో యంత్రపు నీళ్లు ఇందుకు పనికిరావు. వాటిలో రుచి కోసం కొంత పచ్చినీటిని తిరిగి కలిపే టీడీఎస్ కంట్రోలరో, మినరల్ కార్ట్రిడ్జో ఉంటుంది. ఏప్రిల్, మే నెలల్లో సంపులోకి వచ్చే నీటి టీడీఎస్ పెరిగితే డీఐ రెసిన్ మామూలు కన్నా చాలా త్వరగా అయిపోతుంది. ఆ రెండు నెలలూ ఆర్వో ముందు, ఆర్వో తరువాత, డీఐ తరువాత మూడు చోట్లా వారానికోసారి మీటరు పెట్టి చూడడం మంచిది.

సాల్ట్ మిక్స్ కూడా లెక్కలోకి వస్తుంది. ఒకే లవణీయతకు కలిపినా కొన్ని ఉప్పులు 7 లేదా 8 డీకేహెచ్ ఇస్తాయి, కొన్ని 12 వరకు ఇస్తాయి. ట్యాంకు 8 దగ్గర ఉండగా 12 ఉన్న కొత్త నీటితో పదో వంతు మార్చితే ఆల్కలినిటీ 0.4 పెరుగుతుంది, మూడో వంతు మార్చితే ఒకేసారి 1.3 పెరుగుతుంది. అలాంటి ఉప్పు వాడేవారు నీటి మార్పిడిని చిన్నగా, తరచుగా చేయాలి. కొత్త పెట్టె తెరిచిన ప్రతిసారీ కలిపిన నీటిని ట్యాంకులో పోయకముందే పరీక్షించి, పెట్టె మీద తేదీతో రాసి ఉంచుకోండి.

కిట్‌ను నమ్మే ముందు పరీక్షించండి

ఆల్కలినిటీ కిట్ చుక్కల లెక్క మీద పనిచేస్తుంది. నీటిలో రంగు వేసి, సిరంజితో ఆమ్లం చుక్కలు వేస్తూ పోతే రంగు మారే చోట ఆగి అంకె చదువుతాం. సిరంజి మొనలో గాలి బుడగ ఉన్నా, కళ్లకు ఎదురుగా పెట్టకుండా చదివినా, రంగు మారడం మొదలైన చోట ఒకరోజు, పూర్తిగా మారిన చోట మరొకరోజు ఆగినా అర డీకేహెచ్ తేడా సులువుగా వస్తుంది. ఎక్కడ ఆగాలో మీరే ఒక నియమం పెట్టుకుని ప్రతిసారీ అక్కడే ఆగండి. రంగు తేడా పట్టడం కష్టమనిపించే వారికి డిజిటల్ చెకర్ సుఖం. అందులో కూడా గాజుసీసాకు వేలిముద్రలు లేకుండా తుడవాలి.

కిట్ నిజం చెబుతోందో లేదో ఇంట్లోనే తేల్చుకోవచ్చు. సున్నా టీడీఎస్ నీటిలో లీటరుకు 30 మిల్లీగ్రాముల వంటసోడా కరిగితే సరిగ్గా 1 డీకేహెచ్ వస్తుంది. 0.01 గ్రాము వరకు చూపే చిన్న కాటా మీద 2.4 గ్రాముల వంటసోడా తూచి, నీటిలో కరిగించి మొత్తం ఒక లీటరు చేయండి. అందులోంచి 100 మిల్లీలీటర్లు తీసుకుని మళ్లీ మొత్తం ఒక లీటరయ్యేలా నీరు కలపండి. ఈ రెండో నీటి ఆల్కలినిటీ 8 డీకేహెచ్. దీని మీద మీ కిట్ 7.5 చూపితే, ట్యాంకు నీటి మీద కూడా దాదాపు అంతే తక్కువ చూపుతోందని గ్రహించి సర్దుకోవాలి. కొత్త కిట్ తెరిచినప్పుడు, పాత కిట్ హఠాత్తుగా వింత అంకె చూపినప్పుడు ఈ పరీక్ష చేస్తే అనవసరపు దిద్దుబాట్లు సగానికి సగం తప్పుతాయి. వంటసోడా అంటే సోడియం బైకార్బనేటు మాత్రమే. కేకుల్లో వేసే బేకింగ్ పౌడరులో ఆమ్లమూ పిండీ కలిసి ఉంటాయి, అది వద్దు.

లైట్లు వెలుగుతున్నప్పుడు పగడాలు వేగంగా కాల్షియం కార్బనేటు కట్టుకుంటాయి. అందుకే ఉదయం తీసిన అంకెనూ రాత్రి తీసిన అంకెనూ పోల్చకూడదు. వారంలో ఏ రోజు చూసినా ఒకే గంటకు చూడండి.

రోజువారీ వాడకం ఎలా తేలుతుంది

నీటి మార్పిడి అయిన మరుసటి రోజు మొదలుపెట్టండి. మూడు రోజుల పాటు ఏ మందూ పోయకుండా, నీరు మార్చకుండా, ఆవిరైన దానికి శుద్ధమైన నీటిని మాత్రమే భర్తీ చేస్తూ ఉండండి. సోమవారం రాత్రి 9 గంటలకు 8.6, గురువారం రాత్రి 9 గంటలకు 7.1 వచ్చాయనుకుందాం. మూడు రోజుల్లో 1.5 తగ్గింది, రోజుకు 0.5. ఒక్క రోజు తేడా మీద ఆధారపడితే కిట్ పొరపాటే ఎక్కువ కనిపిస్తుంది కాబట్టి మూడు రోజులు ఆగమంటున్నాను. అయితే గట్టి పగడాలు దట్టంగా ఉన్న ట్యాంకులో ఆల్కలినిటీ 7 దాటి కిందికి పోయేలా ఉంటే రెండు రోజులకే ఆపేయండి.

రెండో అంకె ట్యాంకులోని అసలు నీటి పరిమాణం. నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, రెండడుగుల ఎత్తు ఉన్న ట్యాంకు కొలతల ప్రకారం సుమారు 450 లీటర్లు. రాళ్లు, ఇసుక, పైన వదిలిన ఖాళీ తీసేసి, కింది ఫిల్టర్ సంపులోని నీటిని కలిపితే అసలు పరిమాణం ఎంతో అంచనాకు అందదు. దానికీ వంటసోడాయే ఆధారం. 100 లీటర్ల నీటిలో 3 గ్రాముల వంటసోడా 1 డీకేహెచ్ పెంచుతుంది. కనుక 9 గ్రాములు కరిగించి పోసి, గంట రెండు గంటలు కలిసిన తరువాత చూడండి. సరిగ్గా 1 పెరిగితే నీరు 300 లీటర్లు, 0.8 పెరిగితే 375 లీటర్లు.

300 లీటర్ల నీరు, రోజుకు 0.5 డీకేహెచ్ వాడకం. ఈ రెండు అంకెలు తెలిస్తే మోతాదు దొరికినట్టే: రోజుకు 4.5 గ్రాముల వంటసోడా, దానికి జతగా 3.9 గ్రాముల కాల్షియం క్లోరైడ్ డైహైడ్రేటు.

రెండు సీసాల ద్రావణం

ప్రతిరోజూ పొడి తూచడం ఎవరికీ సాధ్యం కాదు కనుక ద్రావణాలు చేసి ఉంచుకోవాలి. మొదటి సీసాలో 80 గ్రాముల వంటసోడాను సున్నా టీడీఎస్ నీటిలో కరిగించి మొత్తం ఒక లీటరు చేయండి. రెండో సీసాలో 70 గ్రాముల కాల్షియం క్లోరైడ్ డైహైడ్రేటును అలాగే ఒక లీటరు చేయండి. ఈ రెండు తూకాలనూ పగడం వాడే నిష్పత్తికి సరిపోయేలా లెక్కగట్టాను, కాబట్టి రెండు సీసాల నుంచీ ఎప్పుడూ సమానంగా పోస్తే చాలు. 100 లీటర్ల నీటికి 37.5 మిల్లీలీటర్లు పోస్తే ఆల్కలినిటీ 1 డీకేహెచ్, కాల్షియం 7 పీపీఎం పెరుగుతాయి. పైన చెప్పిన ట్యాంకుకు రోజుకు 56 మిల్లీలీటర్ల చొప్పున సరిపోతుంది.

వంటసోడా కరిగేటప్పుడు సీసా చేతికి చల్లగా తగులుతుంది, కాల్షియం క్లోరైడ్ కరిగేటప్పుడు బాగా వేడెక్కుతుంది. అందుకని కాల్షియం క్లోరైడ్‌ను కొద్దికొద్దిగా నీటిలో వేయాలి. పొడి మీద నీళ్లు గుమ్మరించకూడదు, పలుచని ప్లాస్టిక్ సీసాలో కలపకూడదు. వంటసోడా త్వరగా కరగాలని నీటిని మరిగించకండి. కొనేటప్పుడు డైహైడ్రేటా, నీరు లేని అన్‌హైడ్రస్ రకమా అని అడిగి తెలుసుకోండి. అన్‌హైడ్రస్ అయితే 70 గ్రాములకు బదులు 53 గ్రాములే వేయాలి. ప్రయోగశాల రసాయనాలు అమ్మే దుకాణాల్లో గ్రేడు రాసి ఉన్న డబ్బాలు దొరుకుతాయి. అలమారల్లో తేమ పీల్చడానికి పెట్టే పొట్లాల సరుకు ఎంత శుద్ధమో తెలియదు కనుక దాన్ని వాడవద్దు. జూన్ చివరికి గాలిలో తేమ పెరిగాక మూత సరిగా పెట్టని కాల్షియం క్లోరైడ్ డబ్బాలో రాత్రికి రాత్రే గింజలు ముద్దకట్టి, అడుగున నూనె వంటి నీరు చేరుతుంది. అలా తడిసిన సరుకును తూచి వాడితే లెక్క తప్పుతుంది.

ట్యాంకు పీహెచ్ 8.0 కన్నా తక్కువలో ఉంటే వంటసోడాకు బదులు సోడియం కార్బనేటు మేలు. మే నెలలో కిటికీలు మూసి ఏసీ నడిపే గదుల్లో మనుషుల ఊపిరితో కార్బన్ డై ఆక్సైడ్ పేరుకుని పీహెచ్ పడిపోవడం హైదరాబాదు ఫ్లాట్లలో సర్వసాధారణం. వంటసోడాను స్టీలు పళ్లెంలో పలుచగా పరచి, 150 నుంచి 200 డిగ్రీల వేడిలో ఓవెన్‌లో గంటసేపు ఉంచితే అది కార్బనేటుగా మారుతుంది. మార్పు పూర్తయిందో లేదో తూకమే చెబుతుంది: 100 గ్రాములు పెడితే 63 గ్రాములు మిగలాలి. 70 ఉంటే ఇంకా కొంతసేపు ఉంచాలి. అల్యూమినియం పాత్ర వాడకండి, కార్బనేటు దాన్ని తింటుంది. లీటరు ద్రావణానికి 80 గ్రాముల వంటసోడా నుంచి వచ్చిన మొత్తం, అంటే సుమారు 50 గ్రాములు వేస్తే బలం మొదటి ద్రావణంతో సమానంగానే ఉంటుంది. ఇది పోసిన చోట పీహెచ్ ఒక్కసారిగా పెరుగుతుంది కనుక నీటి ఉరవడి ఎక్కువ ఉన్న చోట, నెమ్మదిగా పోయాలి.

రెండు ద్రావణాలూ ఒకదానికొకటి తగలకూడదు. ఒకే చోట, ఒకదాని వెంట ఒకటి పోస్తే ఆ క్షణమే తెల్లటి మబ్బు లేచి కాల్షియం కార్బనేటుగా పేరుకుంటుంది. పగడాలకు చేరవలసినది ఇసుకలో గడ్డకడుతుంది, పంపులకు పెంకు పడుతుంది. రెంటికీ మధ్య కనీసం అరగంట వ్యవధి ఇవ్వండి. డోసింగ్ పంపు (పెట్టిన వేళకు కొలిచి పోసే పంపు) ఉన్నవారు 56 మిల్లీలీటర్లను ఎనిమిది భాగాలు చేసి, ఆల్కలినిటీ భాగాలను ఎక్కువగా రాత్రి వేళ, కాల్షియం భాగాలను పగటి వేళ పెట్టుకోవచ్చు. రాత్రి పీహెచ్ సహజంగా తగ్గుతుంది కాబట్టి ఆ ఏర్పాటు పీహెచ్‌కు కూడా కొంత ఆసరా అవుతుంది. పంపు గొట్టం వాడగా వాడగా సాగి తక్కువ పోస్తుంది. నెలకోసారి కొలపాత్రలో పట్టి చూడండి. కరెంటు పోయి వచ్చిన తరువాత పంపు గడియారం సరిగా ఉందో లేదో చూడడం ఎండాకాలంలో అలవాటు చేసుకోవలసిన పని.

సున్నపు తేట, ఋతువులు

కాల్షియం హైడ్రాక్సైడును శుద్ధమైన నీటిలో కలిపి, ఆవిరైన నీటికి బదులుగా చుక్కలు చుక్కలుగా వదిలే పద్ధతిని కాల్క్‌వాసర్ అంటారు. ఇది చవక, ఆల్కలినిటీనీ కాల్షియంనూ సరైన నిష్పత్తిలోనే ఇస్తుంది, పీహెచ్ పెంచుతుంది, ఉప్పు మిగల్చదు. నా అభిప్రాయంలో తక్కువ, మధ్యస్థ వాడకం ఉన్న ట్యాంకుకు దీన్ని మించిన పద్ధతి లేదు. కిళ్లీల్లో రాసే సున్నం, గోడలకు వేసే సున్నం ఇందుకు పనికిరావు. వాటిలో ఏమేమి కలిసి ఉన్నాయో, తడి ఎంతో తెలియదు.

లీటరు నీటిలో కరిగేది సుమారు 1.5 గ్రాములే. మామూలు రసాయనాలకు భిన్నంగా, నీరు వేడెక్కే కొద్దీ సున్నం ఇంకా తక్కువ కరుగుతుంది. సంతృప్త సున్నపు నీటి ఆల్కలినిటీ దాదాపు 114 డీకేహెచ్. ఇక్కడే హైదరాబాదు వాతావరణం పట్టించుకోవలసి వస్తుంది. మే నెల పొడిగాలిలో, ఫ్యాన్లు తిరిగే ట్యాంకులో రోజుకు 4 లీటర్లు ఆవిరవుతున్నాయనుకోండి. ఆ నీటినంతా సంతృప్త సున్నపు తేటతో భర్తీ చేస్తే 300 లీటర్ల ట్యాంకుకు రోజుకు 1.5 డీకేహెచ్ చేరుతుంది. ఆగస్టులో గాలి తేమతో బరువెక్కి ఆవిరి 1.5 లీటరుకు తగ్గితే, అదే తేట రోజుకు 0.57 మాత్రమే ఇస్తుంది. పగడాల ఆకలి మారలేదు, పెట్టేది మాత్రం సగానికన్నా తగ్గిపోయింది. వానలు మొదలైన పక్షం రోజులకు ఆల్కలినిటీ ఎందుకు దిగిపోతోందో తెలియక పగడాల్లో జబ్బు వెతికే వారు ఉంటారు. చాలాసార్లు కారణం ఆవిరే.

అందుకని లీటరుకు ఎంత అని కాక, రోజుకు ఎన్ని గ్రాములు అని సున్నాన్ని లెక్కించాలి. మన ఉదాహరణలోని ట్యాంకుకు రోజుకు 2 గ్రాముల సున్నం అవసరం. మేలో దాన్ని 4 లీటర్లలో, అంటే లీటరుకు అర గ్రాము చొప్పున కలపండి. ఆగస్టులో అదే 2 గ్రాములు 1.5 లీటరులో, లీటరుకు 1.3 గ్రాముల చొప్పున పడాలి. అవసరం అంతకన్నా ఎక్కువైతే ఆవిరి నీటిలో ఇక చోటు లేదు. మిగిలిన భాగాన్ని రెండు సీసాల ద్రావణంతో పూరించాలి. వారానికి సరిపడా నీరు నింపే డబ్బా ఉంటే, వారంలో ఎంత ఆవిరవుతోందో డబ్బా మీద గీత గీసి చూస్తే ఋతువు మారినప్పుడు వెంటనే తెలుస్తుంది.

సున్నపు నీటిని మూత ఉన్న డబ్బాలోనే ఉంచండి. గాలిలోని కార్బన్ డై ఆక్సైడ్ తగిలితే పైన మీగడలా పెళుసు పొర కట్టి బలం తగ్గుతుంది. అడుగున దిగిన మడ్డిని పోయకండి. దీని పీహెచ్ 12 పైనే ఉంటుంది, కంట్లో పడితే ప్రమాదం. చేతి తొడుగులు, కళ్లద్దాలు తప్పనిసరి. డబ్బా పిల్లలకు అందని చోట ఉండాలి. ఆవిరైన నీటిని దానంతటదే భర్తీ చేసే ఆటోమేటిక్ టాప్ ఆఫ్ స్విచ్ ఇరుక్కుపోతే డబ్బాలోని నీరంతా ట్యాంకులోకి పోతుంది, కనుక తేటను అందించే డబ్బా చిన్నదిగా ఉంచడమే సురక్షితం. ట్యాంకు పీహెచ్ 8.5 దాటకుండా చూసుకోండి.

గట్టి పగడాలు నిండి, వాడకం రోజుకు 2 డీకేహెచ్ దాటిన పెద్ద ట్యాంకులకు కాల్షియం రియాక్టర్ ఆలోచించవచ్చు. అందులో కార్బన్ డై ఆక్సైడ్‌తో నీటిని కొద్దిగా ఆమ్లంగా మార్చి అరగొనైట్ (ఒక రకం కాల్షియం కార్బనేటు) ముక్కలను కరిగిస్తారు. సిలిండరు, రెగ్యులేటరు, పీహెచ్ ప్రోబు ఖర్చు చిన్న ట్యాంకుకు గిట్టదు.

వాడకం మారితే

డైరీలో ఆల్కలినిటీతో పాటు ఆ వారం పోసిన మోతాదును కూడా రాస్తూ పోతే, కొన్నాళ్లకు ఆ పుస్తకం పగడాల ఆరోగ్యాన్ని కళ్లకన్నా ముందే చెబుతుంది. పగడాలు పెరిగే కొద్దీ వాడకం మెల్లగా పెరగడం సహజం. మోతాదు మార్చకుండానే ఆల్కలినిటీ ఎక్కుతూ పోతోందంటే పగడాలు కట్టుకోవడం మానేశాయన్న మాట. వెంటనే మోతాదు తగ్గించండి, కానీ అక్కడితో ఆగకండి. నీటి ఉష్ణోగ్రత, లవణీయత, లైట్ల పని, ఫాస్ఫేటు చూడండి. మన ఎండాకాలంలో మొదట చూడవలసింది ఉష్ణోగ్రత. చిల్లర్ ఆగి, మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ లేని వేళ నీరు 30 డిగ్రీలు దాటి, సాయంత్రానికి మళ్లీ చల్లబడితే రంగు మారకముందే వాడకం పడిపోతుంది. గరిష్ఠ, కనిష్ఠ అంకెలను గుర్తుంచుకునే థర్మామీటరు ఈ విషయంలో చాలా ఉపయోగం.

పగడాలు అంతగా పెరగకపోయినా వాడకం హఠాత్తుగా పెరిగితే అనుమానించవలసింది పేరుకుపోవడం. హీటరు ఒంటి మీద, పంపు ఇంపెల్లర్ మీద తెల్లని గరుకు పెంకు ఉందేమో వేలితో తడిమి చూడండి. ఉంటే మీరు పోస్తున్నది అక్కడికి పోతోంది. పంపును తీసి తెల్ల వెనిగర్‌లో నానబెడితే పెంకు బుసబుసమని కరిగిపోతుంది. ఇలా పేరుకోవడాన్ని నీటిలో అడ్డుకునేది మెగ్నీషియం. అది 1200 పీపీఎం కన్నా తగ్గితే ఆల్కలినిటీని, కాల్షియంను రెంటినీ నిలబెట్టడం దాదాపు అసాధ్యం, కనుక ముందు మెగ్నీషియంను 1300 దగ్గరికి తేవాలి. 100 లీటర్లకు 10 పీపీఎం పెంచడానికి 8.4 గ్రాముల మెగ్నీషియం క్లోరైడ్ హెక్సాహైడ్రేటు కావాలి. రోజుకు 50 పీపీఎం మించకుండా పెంచండి.

ఆల్కలినిటీ మాత్రమే తగ్గుతూ కాల్షియం నిలకడగా ఉంటే, పగడాలతో సంబంధం లేని కారణం ఉండవచ్చు. చేపల వ్యర్థం నైట్రేటుగా మారేటప్పుడు ఆల్కలినిటీ ఖర్చవుతుంది; నైట్రేటు 50 పీపీఎం పేరుకుంటే 2.3 డీకేహెచ్ పోయినట్టు. ఆహారం ఎక్కువ వేసే ట్యాంకుల్లో ఇది తరచుగా జరుగుతుంది.

దిద్దుబాటు

ఏ దిద్దుబాటుకైనా ముందు లవణీయత చూడాలి. ప్రామాణిక ద్రవంతో సరిచూడని రిఫ్రాక్టోమీటరు 35 అని చూపుతుండగా నీరు నిజానికి 30 ఉంటే, కాల్షియం 350 చుట్టూ కనిపించడం సహజం. అది కాల్షియం లోపం కాదు, ఉప్పు లోపం. లవణీయత సరిగా ఉంటే, ఆల్కలినిటీ తక్కువ, కాల్షియం సరిపడా ఉన్నప్పుడు వంటసోడా ద్రావణం మాత్రమే పోయండి. ఆల్కలినిటీ సరిపడా ఉండి కాల్షియం తక్కువైతే కాల్షియం క్లోరైడ్ మాత్రమే. రెండూ తక్కువైతే రెండూ. రెండూ ఎక్కువైతే ఏమీ పోయకుండా ఆగండి, పగడాలే దించుకుంటాయి. ఆల్కలినిటీని రోజుకు 1 డీకేహెచ్ కన్నా ఎక్కువ పెంచకూడదు. గట్టి పగడాలు ఉంటే అర డీకేహెచ్ చాలు. నైట్రేటు, ఫాస్ఫేటు సున్నా దగ్గర ఉంచే ట్యాంకుల్లో ఆల్కలినిటీని 7, 8 మధ్యనే ఉంచండి. అంత పలుచని నీటిలో 10, 11 దగ్గర పెడితే అక్రొపోరా అనే గట్టి పగడం కొమ్మల చివరలు మాడి తెల్లబడతాయి.

రెండు సీసాల పద్ధతిలో ప్రతి మోతాదుతోనూ కొంత సోడియం క్లోరైడ్ నీటిలో మిగిలిపోతుంది. రోజుకు 1 డీకేహెచ్ వాడే ట్యాంకులో నెలకు లవణీయత సుమారు 0.6 పీపీటీ పెరుగుతుంది. నీటి మార్పిడి చేసినప్పుడు తీసిన దానికన్నా కొంచెం పలుచని నీటిని పోస్తే ఇది సరిపోతుంది.

సంక్రాంతికో దసరాకో ఊరెళ్లేటప్పుడు మోతాదు పెంచి పోకండి. డోసింగ్ పంపు ఉంటే సీసాల్లో నాలుగు రోజులు ఎక్కువ వచ్చేలా ద్రావణం నింపి, ఇంటి తాళం ఉన్నవారికి సీసా మట్టం ఫోటో తీసి పంపమనండి. రోజుకు ఎంత తగ్గాలో మీకు తెలుసు కనుక పంపు నడుస్తోందో లేదో ఆ ఫోటోయే చెబుతుంది. చేత్తో పోసే పద్ధతి అయితే, ఒక్కో రోజుకు ఒక్కో చిన్న సీసా జత కొలిచి, మూతల మీద తేదీ రాసి, వంటసోడా సీసాలు ఒక చోట, కాల్షియం సీసాలు మరో చోట పెట్టి వెళ్లండి. ఒకరోజు పోయడం మరచిపోతే మరుసటి రోజు రెండు రోజులవి కలిపి పోయవద్దని వారికి స్పష్టంగా చెప్పండి. అర డీకేహెచ్ తగ్గితే పగడాలకు హాని లేదు, తిరిగి వచ్చాక పరీక్షించి రెండు మూడు రోజుల్లో మెల్లగా భర్తీ చేసుకోవచ్చు.